మా వేణి కాపలా కాసిన ఏడో దీపం

దయ్యాల మాట ఎత్తితే నవ్వేదాన్ని నేను. ఆదోనిలో మా చిన్నమ్మ ఇంటి పక్కన, దయ్యాలకొంప అని ఎవరూ అద్దెకు దిగని ఇల్లు ఒకటి ఉండేది. దాని మిద్దె మీద రెండు ఎండాకాలాలు మిరపకాయలు ఎండబెట్టుకున్నాను. ఒక్క కాయ పోలేదు. నేను అలాంటిదాన్నని తెలిస్తేనే ఈ సంగతి నమ్ముతారని ముందే చెబుతున్నాను.

మాది ఎమ్మిగనూరు, మగ్గం ఇల్లు. నా చదువు ఐదో తరగతితో ఆగిపోయింది. మా కూతురు వేణి ఆదోనిలో చదివి, బెంగళూరు కంపెనీ ఉద్యోగం ఇంట్లో కూర్చునే చేస్తుంది. మగ్గం గుంత పూడ్చి అక్కడే బల్ల వేసుకుంది.

ఒక పెద్ద ఆసుపత్రి కంప్యూటర్లను కనిపెట్టుకుని ఉండడం దాని పని. ఎక్కడో చల్లటి గదిలో పన్నెండు పెద్ద మిషన్లు ఉంటాయట. ఒక్కొక్కదాని కడుపులో పది పదిహేను మిషన్లు. లోపలివాటికి ఒళ్లు ఉండదు, పని మాత్రం ఉంటుంది. ఒకటి రక్తం నిల్వలు చూస్తుంది, ఒకటి ఎక్స్‌రేలు దాస్తుంది. పెద్ద మిషనుకు ఏదైనా అయ్యేలా ఉంటే, లోపలివాటిని నడుస్తున్నవి నడుస్తున్నట్టే ఇంకోదానిలోకి మార్చేయవచ్చు. వాటితో పని చేసుకుంటున్నవాళ్లకు తెలియనే తెలియదు.

"ఒళ్లు లేకుండా పనిచేసేవాటిని మా కాలంలో ఇంకో పేరుతో పిలుస్తాంటిమి పాపా" అన్నాను. వేణి పడీపడీ నవ్వింది.

మా అత్తకు ఆ తెర అంటే ఇష్టం. పన్నెండు పచ్చ చుక్కలు వరుసగా వెలుగుతుంటే మనవరాలి పక్కన కూర్చుని చూసేది. ఒకసారి వేణి ఫోనులో ఎవరితోనో, ఒక మిషను సచ్చిపోయిందని చెప్పింది. ముసలామె ఒప్పుకోలేదు.

"దీపాలు ఎలుగుతాంటే ఆ మాటనొద్దు మే. కొండెక్కింది అను."

వేణి ఆ రోజే తన ఫోనుకు వచ్చే మెసేజీ మార్చుకుంది. ఏ పెద్ద మిషను ఆగినా ఫలానా దీపం కొండెక్కింది అని తెలుగులో వచ్చేది. ఆగిన తర్వాతే వచ్చేది. ఆ ఒక్క వాక్యమే అది రాసి పెట్టుకున్నది.

పోయిన కార్తీకంలో మా అత్త కాలం చేసింది. తర్వాత నాలుగు నెలలకు, ఒక మంగళవారం మధ్యాహ్నం, నేను జొన్నరొట్టెలు చేస్తున్నాను. వేణి పైఆఫీసరు ఏదో పెళ్లికి పోయాడు. డ్యూటీలో అది ఒక్కతే. ఫోను మోగింది. వేణి చూసి, తెచ్చి నాకు చూపించింది. తెలుగు నేను చదవగలను.

"ఏడో దీపం కొండెక్కబోతాండాది."

రాసేవాళ్లు ఎవరైనా 'కొండెక్కబోతోంది' అని రాస్తారు. నోటితో అన్నట్టే ఎవరు రాస్తారు?

వేణి తెర ముందు కూర్చుని ఏడో మిషను వేడి చూసింది, దాని మీద పని బరువెంతుందో చూసింది. అన్నీ సరిగ్గానే ఉన్నాయి. కానీ రక్తం లెక్క చూసే మిషను అందులోనే ఉంది, ఆసుపత్రిలో ఆపరేషన్లు జరుగుతున్న వేళ అది. పైఆఫీసరుకు ఫోను చేసింది.

"అన్నీ పచ్చగానే ఉండాయి కదమ్మా. పనేళలో కదిలించొద్దు."

"కదిలిస్తే ఏమైతాదన్నా?"

"సరిగ్గా జరిగితే ఏమీ కాదు. మధ్యలో ఏదన్నా తప్పిందంటే నీ ఉద్యోగం పోతాది."

"సరేన్నా. నా పేరు మీదనే రాసుకో."

నా కూతురి పని నేను నిజంగా చూసింది ఆ రోజే. ముందు రక్తం మిషనును కదిలించింది. అది పక్కదానిలో కుదురుకున్నాకే రెండోదాన్ని ముట్టుకుంది. ఏ మిషనులో ఎంత చోటుందో చూసుకుంటూ, తొందర లేకుండా, నిండు బిందెతో గడప దాటే మనిషిలాగా పద్నాలుగింటినీ దాటించింది. పెనం మీద నా రొట్టె బొగ్గయింది.

ఏడోది ఖాళీ అయింది. అయినా పచ్చగానే ఉంది. వేణి చెంబెడు నీళ్లు తాగింది. లేనిపోని పని చేసి ఉద్యోగం పోగొట్టుకుందనే అనుకున్నాను.

చెంబు కింద పెట్టేలోపు ఆ చుక్క ఎర్రబడింది. వెంటనే మెసేజీ వచ్చింది, ఏడో దీపం కొండెక్కిందని. ఇది వేణి రాసుకున్న వాక్యమే. ఆసుపత్రిలో ఎవరికీ ఏమీ తెలియలేదు.

మిషను విప్పి చూస్తే లోపల ఏదో కాలిపోయిందట. ముందుగా తెలిసే గుర్తు ఒక్కటీ లేదట. బెంగళూరులో రికార్డులన్నీ వెతికారు. రెండో మెసేజీ పంపినట్టు ఉంది. మొదటిది అక్కడినుంచి బయలుదేరనే లేదు. వేణి ఫోనులో మాత్రం ఇప్పటికీ ఉంది.

ఎందుకు కదిలించిందో వేణి రిపోర్టులో రాయాలి. వేడి చూసి కనిపెట్టానని రాయమనీ, పెద్ద పేరు వస్తుందనీ పైఆఫీసరే సలహా చెప్పాడు. నేనైతే రాసేదాన్ని. అది మాత్రం కారణం తెలియదని రాసి పంపింది.

అతను మళ్లీ ఫోను చేసి జరిగింది మొత్తం చెప్పించుకున్నాడు. మా అత్త సంగతి కూడా విన్నాడు.

"మీ జేజి ఎంతవరకు సదివిందమ్మా?"

"మా జేజికి అచ్చరం ముక్క రాదన్నా."

అది నిజం. మా అత్త జన్మంతా వేలిముద్రే వేసింది. మరి ఆ అక్షరాలు ఎవరివో, ఎంత ఆలోచించినా నాకు ఇప్పటికీ అంతుపట్టలేదు.