కండెకు ఎదురొచ్చిన మనిషి

కుండలో స్టీలు గ్లాసు ముంచిన చప్పుడు వింటే ఇప్పటికీ నా అరికాళ్లు చల్లబడతాయి. ఈరోజు పొద్దున కూడా అంతే. హనుమకొండ దవాఖానకు పోవడానికి ఆటో కోసం మా ఆయన, నేను నూలు దుకాణం ముందు నిలబడి ఉన్నాం. ఆయనకు నెల రోజులుగా మళ్లీ దగ్గు. నాలుగు మెట్లు ఎక్కితే ఆయాసం. ఎనిమిదేళ్ల కిందట కూడా ఇదే చోట ఇదే భయంతో నిలబడ్డాను. అప్పుడు మా ముందు నుంచి కండె నడిచిపోయింది. ఇప్పుడు కండె లేదు. పోయిన నెల చచ్చిపోయింది.

కండె మా దుకాణం పిల్లి. నేను అక్కడ నూలు చుట్టలు విడదీసి మూటలు కడతాను. ఆ నూలును ఎలుకలు కొరకకుండా యజమాని సుగుణక్క పిల్లిని పెంచింది. దారం నిండా చుట్టిన కండెలా నడుమ లావుగా ఉండేది కాబట్టి ఆ పేరు. అయితే మగ్గానికి కొత్త పడుగు ఎక్కించడానికి నూలు కొనే రోజున నేతపని వాళ్లకు పిల్లి ఎదురు రాకూడదు. వస్తే కట్టిన మూట అక్కడే దించి వెళ్లిపోయేవాళ్లు. కాసేపు కూర్చుని నీళ్లు తాగి బయలుదేరితే దోషం పోతుందని నమ్మకం. అందుకే సుగుణక్క గడప పక్కన ఒక బెంచీ వేసి, నీళ్ల కుండ పెట్టింది. ఒకసారి ఒక ముసలాయన మూట దించి గొణిగాడు.

"దుకాణంల పిల్లిని పెట్టుకుంటె గిరాకి ఎట్లొస్తది బిడ్డా?"

"కూసో మామా, జరన్ని నీళ్లు తాగు. నువ్వు పనికి పోతాన్నవ్, అది గూడ పనికే పోతాంది. దానికి నువ్వు ఎదురొచ్చినవ్. మరి అదెవలికి చెప్పుకోవాలె?" అంది సుగుణక్క.

ముసలాయనతో సహా అందరూ నవ్వారు. నేను నవ్వలేదు. బల్లి మీద పడితే భయం, ఎవరైనా తుమ్మితే భయం. అక్షరం రాని దాన్ని కాబట్టి కాగితం చూస్తే అన్నిటికన్నా ఎక్కువ భయం.

ఎనిమిదేళ్ల కిందట మా ఆయనకు ఛాతీ పరీక్ష చేయించాల్సిన రోజది. ఆయన ఆటోలో కూర్చున్నాడు. సంచి తీసుకోవడానికి నేను గడప దగ్గరికి వచ్చాను. అప్పుడే కండె ఎలుకను నోట కరుచుకుని ఆటో ముందు నుంచి తీరిగ్గా దాటింది. ఆయన్ను దింపి నీళ్లు తాగిద్దామంటే దవాఖానలో చెప్పిన టైం దాటిపోతుంది. డ్రైవరు హారన్ మీద హారన్ కొడుతున్నాడు. తక్కెడ పక్కన ఉన్న ఇనుప తూకంరాయి నా చేతికి ఎప్పుడు వచ్చిందో తెలియదు. విసిరాను. కండె అరుపు విన్నాక గాని ఏం చేశానో తెలియలేదు. వెనుక కాలు ఈడ్చుకుంటూ గోడ సందులోకి పోయింది.

"ఏందే గది?" అన్నాడు మా ఆయన ఎగపోస్తూ. "దాని కాలిరిగితె నాకు ఊపిరాడుతదా?"

దారి పొడుగునా నాకు రెండు భయాలు. పిల్లి ఎదురొచ్చిన భయం, పిల్లిని కొట్టిన భయం. పిల్లిని చంపిన పాపం బంగారు పిల్లిని దానమిచ్చినా పోదని మా అమ్మ అనేది. ఆ పాపం నాకు కాకుండా ఆయన ఊపిరికి తగులుతుందేమో అని దిగులుపడ్డాను. కండె మూడు రోజులు కనిపించలేదు. సుగుణక్క అడిగితే "ఏ ఆటో కిందనో పడ్డట్టుంది అక్కా" అన్నాను. ఆమె నా మొహం వైపు చూసి నూలు తూయడానికి లేచింది.

నాలుగో రోజు పరీక్ష కాగితం చేతికొచ్చింది. సుగుణక్క చదువుతుందని దుకాణానికి తెచ్చాను గాని ఇవ్వలేకపోయాను. చదివితేనే రోగం నిజమవుతుందన్నట్టు మధ్యాహ్నం దాకా తొడ కింద పెట్టుకుని కూర్చున్నాను. అప్పుడు వచ్చింది కండె. మూడు కాళ్ల మీద కుంటుతూ నేరుగా నా దగ్గరికి వచ్చింది. పగ తీర్చుకుంటుందనుకుని కాళ్లు లోపలికి లాక్కున్నాను. అది నా పాదం వాసన చూసి, దానికే ఆనుకుని పడుకుంది. దాని పొట్ట వెచ్చగా ఆడుతోంది. ఏడుస్తూ కాగితం తీసి సుగుణక్కకిచ్చాను.

ఆమె కూడబలుక్కుని చదివింది. "ఊపిరితిత్తుల సుట్టు నీరు చేరిందట. మందులు వాడితె పోతదట. గీ ముక్క కోసం పొద్దటిసంది గంత ఫికర్ చేసినవా కొంరమ్మా?"

ఇక ఏ కాగితాన్నీ తొడ కింద దాచుకోకూడదని తర్వాతి వారమే ఆమె దగ్గర అక్షరాలు మొదలుపెట్టాను. ఆ కాగితం ఇంగ్లీషుదనీ, ఈ అక్షరాలు దానికి పనికిరావనీ తర్వాత తెలిసింది. అప్పటికి 'ళ' దాకా వచ్చేశాను. నేను పలక మీద వంకరగా దిద్దుతుంటే కండె కుంటి కాలు చాపుకుని పక్కనే పడుకునేది. ఆ కాలు చూసినప్పుడల్లా నా చేయి ఆగిపోయేది.

పోయిన నెల దుకాణం వెనుక దాన్ని పూడ్చి మట్టి సర్దుతుండగా సుగుణక్క అంది. "తూకంరాయి రోడ్డు మీదికి ఎట్ల పోయిందో నాకు తెల్వదనుకున్నవా?"

"గప్పుడే ఎందుకు అనలె అక్కా?" అన్నాను.

"అంటె నువ్వు మల్ల దుకాణం మొకం సూడవు. దెబ్బ తిన్నదే వచ్చి నీ కాళ్లకాడ పండుతాంటె, నడుమ నేనేమనాలె?"

ఈ పొద్దున సుగుణక్క కుండలో గ్లాసు ముంచి మా ఆయనకు నీళ్లిచ్చింది. ఆటో వచ్చింది. రోడ్డు ఖాళీగా ఉంది, ఏదీ ఎదురు రాలేదు. ఆ ఖాళీ చూస్తేనే నాకు ఎక్కువ భయమేసింది.

"ఎక్కవే, ఇయ్యాల ఎవ్వలు ఎదురు రాలేదు గదా" అన్నాడు ఆయన.

"జర ఆగు" అన్నాను. ఎదురైతే నీళ్లివ్వాలి. ఆ రోజు కండె తన పనికి తాను పోతుంటే ఎదురొచ్చింది నేను. దానికి నీళ్లు ఎవరిచ్చారు? కుండలో గ్లాసు ముంచి, దుకాణం వెనక్కి పోయి ఆ మట్టి మీద పోశాను. భయం పోలేదు. గ్లాసు కుండ మీద బోర్లించి, తిరిగి వస్తూ తక్కెడ పక్క నుంచే నడిచాను. తూకంరాయి అక్కడే ఉంది. ఖాళీ చేత్తో ఆయన చేయి పట్టుకుని ఆటో ఎక్కాను.