ఫోనుకు రాసిన గుట్టు

నలభై దాటాక నేను అక్షరాలు నేర్చుకున్నది పుస్తకాలు చదువుదామని కాదు, ఒక మనిషి నోరు మూయిద్దామని.

పత్తి పోయిన ఒక ఏడాది మా ఆయన చీమకుర్తి రాళ్ల క్వారీలో పనికి వెళ్లాడు. ఆయనకు నాలుగు ముక్కలు రాయడం వచ్చు. అక్కడినుంచి నాకో ఉత్తరం రాశాడు. మా ఊళ్లో ఉత్తరాలు చదివిపెట్టేది చిల్లరకొట్టు ఆయన. ఉప్పు తూస్తూనే, కొట్టు దగ్గరున్న అందరికీ వినపడేట్టు గొంతెత్తి చదివేవాడు. ఒళ్లంతా నొప్పులుగా ఉంది, కలలోకి వస్తున్నావు, నువ్వు కాళ్లు పడితే బాగుండనిపిస్తోంది అని ఉంది అందులో. నేను ఇల్లు చేరేలోపు ఆ ముక్క ఊరు దాటింది. మర్నాడు మిరప చేలో సాళ్ల పొడుగునా ఒకటే ఎకసెక్కాలు.

"ఏమే, చీమకుర్తి ఎప్పుడు పోతన్నావ్? అక్కడ కాళ్లు పట్టేవాళ్లు లేరంటగా!"

ఆ సాయంత్రమే కొట్టు ముందు నిలబడి ఆయన్ని దులిపేశాను. "నీ ఇంటి సంగతులు కూడా ఇట్టాగే తూకమేసి అమ్ముతావా?" అని అడిగాను. తల దించుకున్నాడు. అయినా నాకు కోపం తీరలేదు. వయోజన విద్య బడికి పోయి పలక పట్టాను. తర్వాత వచ్చిన ఉత్తరాల్లో ఒకటి నేనే చదువుకున్నాను, కూడబలుక్కుని, తలుపేసుకుని. అక్షరాలు ఎందుకంటే, నా మటుకు నాకు, తలుపేసుకోవడానికి.

ఇప్పుడు నాకు డెబ్బై వస్తున్నాయి. మా ఆయన పోయి చాలా కాలమైంది. ప్రత్తిపాడు అవతల ఒక రేకుల షెడ్డులో మిరపకాయల తొడిమలు తీసే పనికి వెళ్తాను. వద్దంటాడు కొడుకు. ఇంట్లో కూర్చుని, టీవీలో జనం ఏడుస్తుంటే చూడమంటాడు. నాకు షెడ్డే ఇష్టం. పదిమంది ఆడవాళ్లం పట్టాలు పరుచుకుని కూర్చున్నామంటే, ఊళ్లో ఎవడి గొప్ప ఎంతో మధ్యాహ్నానికి తేల్చేస్తాం.

కాకపోతే ఆ ఘాటుకు దగ్గు వస్తుంది. ఈ ఏడాది దగ్గినప్పుడల్లా చీర తడవడం మొదలైంది. ఎవరికీ చెప్పలేదు. నల్లచీరలు కట్టుకున్నాను. గాలి కోసమని చెప్పి నా పట్టా తలుపు దగ్గరికి మార్చుకున్నాను. తెలిస్తే షెడ్డులో నవ్వుతారు, ఇంట్లో పని మాన్పిస్తారు.

కోడలు తన పాత ఫోను నాకిచ్చింది. ఏదన్నా తెలుసుకోవాలంటే అందరూ దాన్ని నోటితోనే అడుగుతారు, పక్కింటికి వినపడేట్టు. నేను మాట్లాడను. అక్షరాలొచ్చినదాన్ని, రాస్తాను. రాసింది ఎవరి చెవినా పడదు కదా అనుకున్నాను. ఒక మధ్యాహ్నం తలుపేసుకుని, ఒక్కో అక్షరం వెతుక్కుని, "దగ్గితే చీర తడుస్తోంది ఏం చేయాలి" అని రాశాను. చీరలు చూపించింది. తడిసినా తొందరగా ఆరే చీరలట. లోకంలోని తెలివంతా అందులోనే ఉందంటారు మళ్లీ! సరేనని సిగ్గు విడిచి "ఒంటేలు" అని ఉన్నమాట రాశాను. అప్పుడు అర్థమైంది దానికి. ఒంటేలు ఆపుకునేటప్పుడు బిగబట్టినట్టు కాసేపు బిగబట్టి వదలాలని, రోజూ అలా చేయాలని, తగ్గకపోతే డాక్టరుకు చూపించుకోవాలని చెప్పింది. ఫర్వాలేదే అనుకున్నాను.

మూడో రోజు షెడ్డులో టీ వేళకు పాటలు పెట్టమన్నారు. ఫోను బస్తాకు ఆనించి పెట్టాను. పాటకంటే ముందు ఒక ఆడగొంతు, పెళ్లి మైకంత ధాటిగా వచ్చింది.

"దగ్గినా, నవ్వినా చీర తడుస్తోందా అమ్మా? ఇక సిగ్గుపడకండి!"

వెంటనే తెల్లటి డైపరొకటి గిరగిరా తిరిగింది. పెద్దవాళ్లది.

ఒకతె కిసుక్కుమంది. ఎప్పుడూ నడిమధ్య కూర్చునే మనిషి, నోరు పెద్దది.

"ఏందత్తా, నీ ఫోనుకి ఒంట్లో బాగాలేదా?"

"దానికి వయసొచ్చింది. నీ నోటికే ఇంకా రాలేదు."

"అయ్యి ఊరికే రావంటత్తా. మనమేదడిగితే అదే వచ్చిద్దంట. మా పిల్ల చెప్పింది."

అన్ని కళ్లూ నా నల్లచీర మీదికి దిగాయి. ఆ పూట తొడిమలు తీశానో కాయలు చించానో నాకే తెలియదు.

ఇంటికొచ్చి కోడల్ని నిలదీశాను.

"నేను రాసింది బయటికెట్టా పోయింది?"

"ఎవరో మోసుకెళ్లేదేముంది అత్తయ్యా, ఆ కంపెనీయే చూస్తది. మనమేం అడిగామో చూసుకుని, ఆ సరుకు అమ్మేవాళ్ల దగ్గర డబ్బు తీసుకుని మనకి చూపిస్తది. లేకపోతే అన్నీ ఊరికే ఎందుకిస్తారు? ఇంతకీ ఏం అడిగారు?"

"నీకెందుకు? నన్ను చూడమని నేనెప్పుడు చెప్పా?"

"మొదట్లో ఒప్పుకుంటున్నానని నొక్కారుగా. అప్పుడు."

నొక్కాను. ఆ రోజు అక్కడున్నదంతా నేను చదవబోతుంటే, "అవన్నీ ఎవరూ చదవరు, నొక్కెయ్యండి" అన్నది కూడా తనే. డిగ్రీ చదివిన మనిషి! తెలియని కాగితం మీద వేలిముద్ర వెయ్యకూడదని ఆ వయసులో బడిలో నాకు నేర్పితే, చదువుకున్నవాళ్లంతా చదవకుండా వేలు పెడుతున్నారు.

"వాళ్ల కొట్టెక్కడ?"

"కొట్టేంటి అత్తయ్యా?"

"పోయి దులిపి రావాలి."

నవ్వింది. కొట్టు లేదట, ఎదురుగా నిలబడే మనిషి లేడట. కావాలంటే ఈ ప్రకటన నచ్చలేదని నొక్కొచ్చట. నొక్కాను. మీ అభిప్రాయానికి ధన్యవాదాలు అని వచ్చింది. చిల్లరకొట్టు ఆయనే నయం. దించుకోవడానికి ఆయనకో తల ఉండేది. ఊరూరా ముసలమ్మల చీరలు తడిశాయా ఆరాయా అని ఆరా తీసేంత పెద్ద కంపెనీకి, తిడదామంటే మొహం లేదు. కొట్టాయన నా గుట్టు సరదాకి పంచిపెట్టాడు, వీళ్లు అమ్ముకున్నారు. పైగా మా సేవలు అని రాసుకుంటారు.

మర్నాడు పనికి పోవాలా మానాలా అని చాలాసేపు గడపలో నిలబడ్డాను. మానేస్తే నన్ను ఇంట్లో కూర్చోబెట్టింది ఆ డైపరే అవుతుంది. వెళ్లాను. నల్లచీరే కట్టుకుని వెళ్లాను. పట్టా అదే తలుపు దగ్గర పరిచాను. అందరూ చూడాల్సినంత చూశారు. చేతులు కడుక్కుందామని కుళాయి దగ్గరికి పోతే, ఆ పెద్ద నోటి మనిషి వెనకాలే వచ్చింది.

"అత్తా, ఆ ఫోను... ఏం చెయ్యమంది?"

"దేనికి?"

"అదే. నీ ఫోనుకొచ్చిన జబ్బుకి."

మొహంలోకి చూశాను. చూపు తిప్పుకుంది. కొన్నాళ్లుగా ఆమె కూడా ముదురు రంగు చీరలే కడుతోందని అప్పుడు తట్టింది నాకు. ఎలా బిగబట్టాలో, ఎలా వదలాలో చెప్పాను. డాక్టరు సంగతీ చెప్పాను.

"నీకూ ఫోనుందిగా, అడగలేకపోయావా?"

"నిన్న చూశాగా నీ గతి."

"ఊఁ."

"ఎవరికీ చెప్పమాకత్తా."

"చెప్పడానికి నేనేమన్నా కంపెనీనా?" అన్నాను.

టీ తర్వాత ఆమె కూడా పట్టా తలుపు దగ్గరికి లాక్కుంది. గాలి కోసమట.