సాంచెలు విప్పిన దశరథం

కరీంనగర్‌లో పనిముట్లు అమ్మే దుకాణం ముందు దశరథం నెగ్గిన కొట్లాట నేను కళ్ళారా చూశాను. కంటి డాక్టరు దగ్గరికని సిరిసిల్ల నుంచి బస్సులో అతనితో కలిసి పోయాను కాబట్టి చూశాను. లేకపోతే ఆ మనిషికి గెలవడం కూడా వచ్చని ఎవరు చెప్పినా నమ్మేదాన్ని కాదు.

దశరథం మా వాడకట్టులో సాంచెల మిస్త్రీ. సాంచె అంటే కరెంటుతో నడిచే మగ్గం. నాకు మరిది వరస. మీసాలు రాకముందు నుంచి పానా తిప్పీ తిప్పీ అతని కుడి భుజం పాడైంది. చెయ్యి చెవి దాకా లేవదు. తల దువ్వుకోవాలంటే తలనే చేతి దగ్గరికి వంచుతాడు. పానా తిప్పలేని మిస్త్రీని ఏ కార్ఖానాకు పిలుస్తారు? అందుకే బ్యాటరీతో నడిచే ఇంపాక్టు మిషన్ కొందామని బయలుదేరాడు. అది పిస్తోలు లాగా ఉంటుంది. మీట నొక్కితే టకటకమని కొట్టుకుంటూ తనే బోల్టును తిప్పుతుంది. భుజానికి పని తక్కువ.

దుకాణపాయన పేరు కరుణాకర్. మూడు డబ్బాలు బల్ల మీద పెట్టాడు. దశరథం తన సంచీలోంచి తుప్పుబట్టిన బోల్టులతో సహా ఒక విరిగిన సాంచె కాలు బయటికి తీశాడు. బస్సులో దాన్ని నా ఒళ్ళో పెట్టాడు, దరిద్రుడు.

"గీ బోల్టుల మీద మూడింటినీ నడిపి చూస్త," అన్నాడు.

"డబ్బ తెరిస్తె వాపస్ తీసుకోం పెద్దమనిషీ. దేని బలమెంతో డబ్బ మీదనే నంబరున్నది, సదువుకో."

"నేను సదువుత సరే, బోల్టుకు సదువొస్తదా?"

"రూలంటె రూలే."

"పిల్లను చూసెతందుకు పోతె, పిల్లను పెట్టెల మూసి పైన బరువు రాసి చూపిస్తరా సేటూ?"

బేరానికి వచ్చినవాళ్ళు నవ్వారు. కరుణాకర్‌కు మండింది. "కొంటె కొను, లేకుంటె నడువు!" అన్నాడు.

దశరథం నడవలేదు. ఆ సాంచె కాలును గుమ్మానికి అడ్డం పెట్టి దాని మీదే కూచున్నాడు. "నేను కొనేది ఒక్కటే. గది పనికిరానిదయితె నా చెయ్యి పోయినట్టె. చూడనియ్యకుంటె గీడనే కూసుంట."

"మా మరిది మొండోడు బిడ్డా, రెండు పూటలకు సద్ది గూడ తెచ్చుకున్నడు," అన్నాను నేను. సద్దీ లేదు, గిద్దీ లేదు. లోపలికి రాలేక మనుషులు బయటే ఆగిపోతుంటే, చివరికి కరుణాకర్ తన చేతులతోనే బ్యాటరీలు ఎక్కించాడు.

ఒక్కో మిషన్‌కు ఒక్కో బోల్టు ఇచ్చాడు దశరథం. అగ్గువ ధరది ఇల్లు లేచిపోయేట్టు అరిచింది కానీ బోల్టు కదల్లేదు, పైగా కాలిన వాసన వచ్చింది. "మా అత్త తీరుగనే ఉన్నది, అరుసుడే తప్ప పనిలేదు," అన్నాను. పేరున్న కంపెనీది ఒక్క గుక్కలో విప్పేసింది. కానీ బరువు, చెయ్యి చాచి పట్టుకునేసరికి దశరథం పళ్ళు బిగించాడు. దానికి రెండో బ్యాటరీ కూడా విడిగా కొనుక్కోవాలట. మధ్యరకంది కాస్త ఆలోచించి విప్పింది. తేలిక. రెండు బ్యాటరీలూ డబ్బాలోనే ఉన్నాయి. మీటను మెల్లగా నొక్కితే మెల్లగా తిరుగుతుంది. అదే బోల్టును మళ్ళీ బిగించి, తల చెడిందేమోనని గోటితో తడిమి చూశాడు.

"విప్పుడొక్కటే కాదు వదినే, బిగించుడు గూడ ఉంటది గద. గిదే తీసుకుంట."

అతను చేసిన తప్పు ఏదన్నా ఉంటే ఆ మాటే. మిషన్‌ను కొలిచాడు కానీ కాలాన్ని కొలవలేదు.

దసరాకు దాన్ని పానాల పక్కన పెట్టి, పసుపు కుంకుమ అద్ది మొక్కాడు. తర్వాత బిగించే పని ఒక్కటీ రాలేదు. బట్టకు ఆర్డర్లు ఆగిపోయి, సాంచెలు పెట్టుకున్న ఆసాములు వాటిని పాత ఇనుముకు అమ్మసాగారు. విప్పడానికి దశరథాన్ని పిలిచారు. పోయాడు. పోక ఏం చేస్తాడు, తినాలి కదా. ఒక్కో సాంచెకు దాని బోల్టులన్నీ పాతగుడ్డలో మూటగట్టి, దాని కాలికే కట్టేవాడు. ఇనుము కొనే ఆయన నవ్వేవాడు.

"ఎందుకయ్య గీ మూటలు? అన్నీ కొలిమిలకు పోయేటియే."

"పోనీ. ఎవడన్న ఒక్కడు మల్ల నిలవెట్టుకుంటడేమో."

ఎవడూ నిలబెట్టుకోలేదు. ఇనుపాయన ఆ మూటలను కూడా తక్కెట్లో వేసుకునేవాడు.

పానాతో అయితే పూట పట్టే సాంచెను మిషన్‌తో పొయ్యి మీద అన్నం ఉడికేలోపు విప్పేసేవాడు. మంచి మిషనే, అతను ఎంచడంలో లోపం లేదు. అంత మంచిది కాకపోయి ఉంటే మా వాడకట్టులో సాంచెల చప్పుడు ఇంకొన్నాళ్ళు ఉండేది. అవే మాటలు ముఖం మీదే అన్నాను.

"బాగ ఎంచి తెచ్చుకున్నవ్ మరిదీ, నీ పనిని జల్ది ఖతం చేసే మిషన్."

"నేను విప్పకుంటె గ్యాసుతోని కోస్తరు వదినే. గట్ల కోస్తుంటె నాతోని చూసుడు కాదు."

అతని ఇంట్లో రెండు సాంచెలున్నాయి. భార్య బాలలక్ష్మి కండెలు చుడితే తను నడిపేవాడు. వాడకట్టంతా విప్పినా వీటి జోలికి ఎవ్వడూ రాడని నాతో ఎన్నిసార్లు అన్నాడో. మా దగ్గర కొత్త సాంచె దిగితే మొదటి బోల్టు మిస్త్రీ బిగించడు. దానికి పసుపు దారం చుట్టి, వాడకట్టులో పెద్ద ఆడమనిషి చేత బిగిస్తారు. దశరథం సాంచెలకు బిగించింది నేనే. నా చెయ్యి మంచిదని పేరు. ఆ మంచి చెయ్యి బిగించిన సాంచెలన్నీ ఎక్కడికి పోయాయో చెప్పాను కదా.

మొన్న పొద్దున వాన వెలిసిన తర్వాత మా గడపలో నిలబడ్డాడు. ఉతికిన అంగీ వేసుకున్నాడు.

"ఇనుపాయన మాపటికి వస్తడు వదినే."

"ఎవరియి తీస్కపోతడు?"

"మాయే. నూలిచ్చేటోళ్ళు లేరు. ఇంకెన్ని దినాలు చూసుకుంట కూసుందు?"

చెప్పులు తొడుక్కుని అతని వెంట నడిచాను. వాళ్ళింటికి పోయేసరికి బాలలక్ష్మి తడిగుడ్డతో సాంచెను తుడుస్తోంది. "అమ్మేదానికి తానమెందుకే?" అన్నాను. ఆమె గుడ్డను పిండి మళ్ళీ తుడిచింది.

మొదటి బోల్టుకు నేను చుట్టిన దారం నూనెకు నల్లబడి ఇంకా అలాగే ఉంది.

"మిగతయన్ని నేను విప్పుకుంట," అన్నాడు దశరథం. "గిది నువ్వు బిగించినవ్. నువ్వే విప్పాలె."

మిషన్ కోసం చెయ్యి చాపాను. "ఇటియ్యి. ఏడ నొక్కాలెనో చెప్పు."

దశరథం దాన్ని ఎడమచేత్తో వెనక్కి జరిపాడు. గోడకు వేలాడుతున్న పాత పానాను తీసి, అంగీ అంచుకు తుడిచి నా చేతిలో పెట్టాడు.

"మిషన్ వద్దు వదినే. గది చిటికెల విప్పుతది. పానాతోని విప్పు. నిమ్మలంగ విప్పు."