‘కారణం’ గడిలో రాసిన మాట

2003లో తణుకు దగ్గర ఒక ప్రైవేటు ఆసుపత్రిలో డాక్టరుగా చేరగానే నేను పెట్టిన మొదటి పేచీ ఆడిట్. సోమవారం అందరం కూర్చుని, వారంలో చేసిన ప్రతి సిజేరియన్‌కీ కారణం చెప్పుకోవాలి. నూటికి అరవై కాన్పులు కత్తితోనే అవుతుంటే ఎవరో ఒకరు అడగాలి కదా!

లేబర్ వార్డు రిజిస్టరు సంపూర్ణమ్మగారిది. ఇరవై రెండేళ్లుగా అక్కడే నర్సు. ముత్యాల్లాంటి రాత, ముక్కు మీద కోపం. అరగంటకోసారి తల్లి పొట్ట మీద గొట్టం ఆనించి, బిడ్డ గుండె నిమిషానికి ఎన్నిసార్లు కొట్టుకుంటోందో లెక్కపెట్టి రాసేవారు. ఆ అంకె ఎవరు చెప్పినా మార్చేవారు కాదు. పక్కన ‘కారణం’ గడిలో మాత్రం పెద్ద డాక్టరుగారు చెప్పిందే రాసేవారు.

మొదటి నెల రిజిస్టరు చూస్తే నాకు ఒళ్లు మండింది. బిడ్డల గుండె అంకెలన్నీ నిక్షేపంగా ఉన్నాయి. కారణం దగ్గర మాత్రం పదకొండు చోట్ల ‘బిడ్డ గుండె చప్పుడు తగ్గింది’ అని ఉంది.

“ఇదేంటి సిస్టర్?”

“ముహూర్తం కేసులండి,” అన్నారావిడ తల దించుకుని. “పంతులుగారు రాసిచ్చిన టైముకి తియ్యమంటారు. అలా అని రాయలేం కదండీ.”

ఆ పదకొండు మందిలో వీరవేణి ఒకతి. సంపూర్ణమ్మగారి ఊరి పిల్లే. మంచి నక్షత్రం దాటిపోతుందని అత్తగారు సుబ్బాయమ్మ పట్టుబట్టి, నెలలు నిండటానికి నాలుగు వారాల ముందే ఆపరేషన్ చేయించింది. మగబిడ్డ. ఊపిరందక మూడో రోజున పోయాడు. డిశ్చార్జి కాగితంలోనూ అదే గుండె మాట. దాన్ని పట్టుకుని, గుండెబలం లేని బిడ్డని మోసిందంటూ సుబ్బాయమ్మ కోడల్ని రోజూ సాధిస్తోంది. ఆ పిల్లని పుట్టింటికి పంపేసి కొడుక్కి ఇంకో పెళ్లి చేస్తానంటోంది.

సోమవారం మీటింగులో అంకెలకీ కారణాలకీ పొంతన లేదేమని నేను అడిగితే, పెద్ద డాక్టరుగారు రిజిస్టరు సంపూర్ణమ్మగారి ముందుకు తోశారు. “అంకెలు తప్పు పడినట్టున్నాయి. దిద్దెయ్యండి సిస్టర్.”

నేను నోరు తెరవబోయి ఆగాను. చెప్పాల్సింది ఆవిడ.

 సంపూర్ణమ్మగారు పెన్ను తియ్యలేదు. “అంకెలు నిజమండి. కారణాలే అబద్ధం. రాసింది నేనే.”

ఉద్యోగం ఉంటుందో ఊడుతుందో తెలియని ఆ సాయంత్రమే, నన్ను వెంటబెట్టుకుని వీరవేణి ఇంటికెళ్లారు. ఎవరూ కూర్చోమనలేదు. వాకిట్లోనే నిలబడి చెప్పారు.

“సుబ్బాయమ్మగారూ, మీ మనవడి గుండె బాగానే కొట్టుకుందండి. ఆపరేషన్ ముందు కూడా నేనే విన్నాను. నెలలు నిండకుండా తీశాం, అందుకే పోయాడు. ముహూర్తం దాటకూడదని గడియారం చూస్తూ డాక్టరుగారిని తొందరపెట్టింది కూడా నేనే.”

సుబ్బాయమ్మ అరుగు మీద కూలబడిపోయింది. వీరవేణి గుమ్మం పట్టుకుని బయటికొచ్చింది.

“అయితే నా బాబు నా కడుపులో బాగానే ఉన్నాడా అండీ?”

“బాగానే ఉన్నాడమ్మా.”

బిడ్డ పోయిన రోజున కూడా ఏడవని ఆ పిల్ల అప్పుడు ఏడ్చింది. సంపూర్ణమ్మగారు ఆమె కాళ్ల దగ్గర కూర్చుండిపోయారు.