బయ్యమ్మ పేరు కింది వరుస

బతికుండగా బయ్యమ్మ గడప తొక్కని మేనల్లుడు రామచంద్ర, ఆమె పోయిన నాలుగో రోజున పుంగనూరు నుంచి మోటార్ సైకిల్ మీద వచ్చి ఫోటో కావాలన్నాడు. చావుకు యాల రాలేదని పక్కింటి అక్కమ్మ అడగలేదు. అడిగితే కారణం చెబుతాడు, అది వినాలి.

"పదకొండో దినానికి ఇంటి ముందర ఫ్లెక్సీ కట్టిస్తాండానమ్మా. మా పక్కనుంచి రెండు జీపుల జనం వస్తారు," అన్నాడు. వచ్చే నెల పాలసంఘం ఎన్నికల్లో తాను నిలబడుతున్న సంగతీ అడక్కుండానే చెప్పాడు.

బయ్యమ్మ ఫోటో లోకంలో ఒక్కటే ఉంది. అక్కమ్మ కూతురి పెళ్లిలో, వద్దని మొహం తిప్పుకుంటుంటే తీసింది. అక్కమ్మ దాన్ని గోడ మీంచి దించింది కానీ వెంటనే చేతికివ్వలేదు.

"బయ్యమ్మ అని రాపించు, సాలు. మొగుడి పేరు మాత్రం వద్దు."

"యాల?" అన్నాడు. అతనికి నిజంగానే తెలియదు.

ఈశ్వరప్ప కుప్పం నుంచి ఇంకొకామెను ఇంటికి తెచ్చుకున్న రోజున, ఇరవై రెండేళ్ల బయ్యమ్మ ఒక సంచితో మదనపల్లె బస్సెక్కింది. నేతగాళ్ల వీధిలో అతుకు పని నేర్చుకుంది. మగ్గం మీద అయిపోవచ్చిన పడుగు కొసకు కొత్త పడుగును పోగు పోగుగా కలపాలి. వేళ్లకు బూడిద రాసుకుని వేల పోగులు. ఒక్కటి తప్పినా చీరంతా గీత పడుతుంది. కళ్లు ఆనినంత కాలం ఆమెకదే పని, అదే గది. అక్కమ్మకు పని నేర్పిందీ ఆమే, తప్పినప్పుడల్లా వేళ్ల మీద కొడుతూ. ఎవరైనా పండగ పూట గిన్నెలో పాయసం తెస్తే, "మీ ఇంట్లో కుక్క తినల్యా?" అని అడిగి మరీ తీసుకునేది.

తొంభై ఆరులో ఈశ్వరప్ప చచ్చాడని కబురొచ్చింది. ఆమె బొట్టు తియ్యలేదు. అది అమ్మ పెట్టిందట, వాడు కాదట. వితంతు పింఛను కాగితం మీద వేలిముద్ర వెయ్యమని ఒక గుమాస్తా ఇంటికే వచ్చాడు.

"వాడు నాకు సచ్చి నలబై ఆరేండ్లాయనప్పా. అప్పుడు రాని పింఛను ఇప్పుడు యాల?"

"పేరు రాస్తే నీదేం పోతుందవ్వా?"

"నా పేరు పక్కన వాడి పేరు కూసుంటుంది. అది పోతుంది."

ఆ కాగితం వెనక్కి వెళ్లిపోయింది. ఆ పై పదకొండేళ్లూ ఆమె పింఛను లేకుండానే బతికింది.

అక్కమ్మ ఇదంతా చెప్పింది. రామచంద్ర సెల్‌ఫోన్ చూసుకుంటూ, "సరేమ్మా, సరే," అని ఫోటో పట్టుకుపోయాడు.

పదకొండో దినం పొద్దున్నే ఫ్లెక్సీ వచ్చింది. పైన అరచేతంత బయ్యమ్మ. కింద చేటంత రామచంద్ర, తెల్లచొక్కా, జోడించిన చేతులు, సెల్ నంబరు. మధ్యలో 'శ్రీమతి బయ్యమ్మ గారు'. దాని కింద ఒక వరుస నిండా 'కీ.శే. ఈశ్వరప్ప గారి ధర్మపత్ని'.

"వద్దంటినే రామచంద్రా."

"అది లేకుంటే మర్యాదగా ఉండదమ్మా. ఎవురి పెండ్లామని జనం అడగరా?"

"డెబ్బై తొమ్మిదేండ్లు బతికింది. ఎవురూ అడగల్యా."

అతను అప్పటికే ఫోన్‌లో ఎవరినో భోజనానికి పిలుస్తున్నాడు.

మగవాళ్లంతా కర్మ చెయ్యడానికి బావి దగ్గరికి వెళ్లారు. అక్కమ్మ స్టూలు వేసుకుని ఫ్లెక్సీ విప్పింది. కత్తెరతో ఆ వరుసను ఈ చివర నుంచి ఆ చివర దాకా కోసి తీసేసింది. అలవాటుగా వేళ్లకు బూడిద రాసుకుంది. పై ముక్కనూ కింది ముక్కనూ అంచుకు అంచు చేర్చి, వెనక నుంచి దగ్గర దగ్గరగా కుట్టింది. అతుకు కనిపిస్తే బయ్యమ్మ వేళ్ల మీద కొట్టేది. మళ్లీ కట్టేసి, కోసిన ముక్కను గడప ముందు, అక్షరాలు పైకి ఉండేలా పరిచింది.

మగవాళ్లు తడి కాళ్లతో తిరిగొచ్చారు. రామచంద్ర ఆ ముక్క మీద రెండు పాదాలూ బాగా తుడుచుకుని తలెత్తి చూశాడు. చాలాసేపే చూశాడు.

"ఏందో పొట్టిగా ఉండాదే! ఫ్లెక్సీ నాకొడుకు కొలతలో మోసం చేసినాడు."

"నీ మొకం అంతా వచ్చిందా, సూసుకోప్పా," అంది అక్కమ్మ.

"ఆ, అది వచ్చింది," అని అతను లోపలికి వెళ్లాడు. వెనకాల రెండు జీపుల జనం ఒక్కొక్కరే వచ్చి కాళ్లు తుడుచుకుంటున్నారు.