సినిమా హాలు మీద ఐదక్షరాలు

ఆ సినిమా హాలు ముందున్న బోర్డు మీద అక్షరాలు మార్చే మనిషిని అందరూ బోర్డాయన అనేవారు. ఇంగ్లీషు సినిమాలాడే హాలు అది. సినిమా మారినప్పుడల్లా నిచ్చెనెక్కి పాత పేరు ఊడదీసి కొత్త పేరు బిగించడం, మిగతా రోజుల్లో తలుపు దగ్గర టికెట్లు చింపడం, విరిగిన కుర్చీలకు మేకులు కొట్టడం అతని పని. ఇంగ్లీషు మాటల అర్థాలు అతనికి పెద్దగా తెలియవు, పొడవులు తెలుసు. పేరు వినగానే అది బోర్డులో పడుతుందో లేదో చెప్పేసేవాడు. అతని భార్య అదే హాల్లో టికెట్లు అమ్మేది. కాస్త చదువుకుంది కనుక అర్థాల శాఖ ఆమెది.

అతని అన్న ఒకప్పుడు అక్కడే మెషిన్ గదిలో ఆపరేటరు. ఒకరోజు ఆట మధ్యలో రీలు ఇరుక్కుని నిప్పంటుకుంది. ఎవరికీ ఏమీ కాలేదు గానీ, జనం భయపడి తలుపుల మీద పడ్డారు. ఆ సమయంలో ఆపరేటరు గదిలో ఉన్నాడా అని మేనేజరు బోర్డాయనను పిలిచి అడిగాడు. లేడు, కింద సిగరెట్టు కాలుస్తున్నాడని అతను చెప్పాడు. ఉన్నమాటంటే ఉలుకెక్కువ. ఉద్యోగం పోయిన అన్న, హాలుకు ఎదురుగా మిక్సీలు, ఫ్యాన్లు బాగుచేసే కొట్టు పెట్టుకున్నాడు. అన్నదమ్ములకు మాటలు పోయాయి. ఒకరు రోడ్డుకు ఈ పక్క నడిస్తే, రెండోవారు ఆ పక్క నడిచేవారు. తోడికోడళ్లు మాత్రం కూరగాయల కొట్టు దగ్గర కలిస్తే మాట్లాడుకునేవారు, ఇంటికొచ్చి ఆ సంగతి ఎత్తేవారు కాదు.

చివరికి హాలు మూతపడింది. కొనేవాళ్లు దొరికేదాకా కాపలా ఉండమని యజమాని మొగుడూపెళ్లాలకు చెప్పాడు. ఉత్త బోర్డు పళ్లూడిన నోరులా ఉంది, ఏదో ఒకటి పెట్టమన్నాడు. అయితే అంతకుముందు గాలివానకు సగం అక్షరాలు పగిలిపోయాయి. బోర్డులో ఒక్క వరసే మిగిలింది, అందులో పట్టేది ఐదక్షరాలు. అలా వాళ్లకొక కాలక్షేపం దొరికింది. ఏయే అక్షరాలు ఉండాలో పొద్దున్నే ఆమె చెప్పేది. అవి వచ్చే ఐదక్షరాల మాట అతను వెతికేవాడు. రేపేం మాట వస్తుందా అని టీ కొట్టు దగ్గర పందేలు కూడా మొదలయ్యాయి.

ఒకరోజు ఆమె ఓ, ఆర్, వై ఉండాలంది. స్టోరీ అనుకున్నాడు, టీ అక్షరం పగిలిపోయింది. గ్లోరీకి జీ లేదు. ఎమ్‌ను తలకిందులు చేస్తే డబ్ల్యూ అవుతుంది కనుక వర్రీ అన్నాడు. ఉన్న దిగులు చాలదా, మళ్లీ బోర్డు కూడా ఎక్కించాలా అందామె. అన్నీ పోగా సారీ మిగిలింది. ఆటలు లేవని జనానికి చెప్పినట్టూ ఉంటుందనుకుని బిగించేశాడు.

మర్నాడు దాన్ని తీయడానికి నిచ్చెనెక్కి ఉండగా కింద అన్న గొంతు వినిపించింది.

"ఇక దింపెయ్‌రా. ఊరంతా చదివింది, చాల్లే."

బోర్డాయనకు తలా తోకా అర్థం కాలేదు. "ఏం దింపాలి?" అన్నాడు.

"అంతంత అక్షరాలు పెట్టి, ఏం దింపాలని అడుగుతావేంటి? కొట్లో కూర్చుంటే నా కళ్లెదురుగా అదే."

ముందుగా అర్థమైంది భార్యకే. టికెట్ల గదిలోంచి గబగబా బయటికొచ్చి, "లోపలికి రండి బావగారూ, టీ తెప్పిస్తాను," అంది.

అప్పుడు తెలిసింది బోర్డాయనకు. ఒళ్లు మండింది. తను చెప్పింది నిజం, నిజం చెప్పినందుకు క్షమాపణేమిటి? అది నీకోసం పెట్టింది కాదని అనబోయి కిందికి చూశాడు. అన్న ఇస్త్రీ చొక్కా తొడుక్కుని, అంత ఎండలో మెడ దాకా గుండీలు పెట్టుకున్నాడు. నిచ్చెన కదలకుండా ఒక చేత్తో పట్టుకుని ఉన్నాడు. బోర్డాయన ఆ మాట మింగేసి దిగాడు.

టికెట్ల గదిలో ముగ్గురూ ఇరుక్కుని కూర్చున్నారు. అన్న గ్లాసు తిప్పుతూ, "ఆ రోజు నేను గదిలో లేని మాట నిజమే. కానీ నువ్వు చెప్పాలట్రా అది?" అన్నాడు.

ఈ ప్రశ్నకు ఇన్నేళ్లలో బోర్డాయన ఎన్నో జవాబులు అల్లి పెట్టుకున్నాడు. బయటికొచ్చింది మాత్రం వాటిలో లేనిది.

"నన్నే అడిగాడన్నయ్యా," అన్నాడు.

అన్న గ్లాసు కింద పెట్టాడు. "అదీ నిజమేలే," అన్నాడు.

ఆ తరువాత అన్న కొట్టుకొచ్చిన వాళ్లందరికీ తన తమ్ముడు బోర్డెక్కించి మరీ తప్పొప్పుకున్నాడని చెప్పుకునేవాడు. అది చెవిన పడ్డప్పుడల్లా బోర్డాయనకు ముల్లు గుచ్చుకున్నట్టుండేది. అసలు సంగతి చెప్పేస్తానని భార్యతో రెండుమూడుసార్లు అన్నాడు. చెప్పి ఏం బావుకుంటారని ఆమె అడిగింది. అన్నకు చెప్పలేదు.

మరుసటేడు హాలు పడగొట్టారు. బోర్డాయన అన్న కొట్లో చేరి మోటార్లకు తీగ చుట్టడం నేర్చుకున్నాడు. స్క్రూడ్రైవరు ఎవరు ఎక్కడ పడేశారని ఇద్దరూ రోజూ పోట్లాడుకుంటారు.