రాజుగారి రాతి మంచం

గుడియాత్తం బజారులోని మా బట్టల అంగట్లో తాజ్‌మహల్ బొమ్మ ఉన్న క్యాలెండరు ఒకటి వేలాడుతుండేది. ఏడాది అయిపోయినా మా అవ్వ దాన్ని తీయనిచ్చేది కాదు. తాత సంవత్సరీకం అయ్యాక కాశీకి తీసుకుపోతానని మా నాయన అన్నప్పుడు, ఆమె ఆ బొమ్మ వైపు వేలు చూపించింది.

"కాశీ మీ నాయన కోసరం. ఆ రాజుగారి మేడ నా కోసరం. రెండూ చూపిస్తానంటే వస్తా. లేకుంటే నువ్వొక్కడివే పోయి రాప్పా."

ఆమె లెక్కలో అది మేడ. అందులో రాజు, రాణి, పిల్లలు, వెన్నెల్లో భోజనాలు. అది సమాధి అన్న సంగతి మా ఇంట్లో నాయనకూ నాకూ తప్ప ఎవరికీ తెలియదు. నాకు బడిలో తమిళ వాచకం చెప్పింది. అప్పటికి నాకు తెలుగు మాట్లాడటం మాత్రమే వచ్చు. రాయడం చిత్తూరు కోడలినయ్యాక పట్టుబట్టి నేర్చుకున్నాను, ఇప్పుడు ఆపమన్నా ఆపను.

మైల విషయంలో అవ్వతో పెట్టుకుంటే అంతే సంగతులు. వీధిలో శవం పోతే తలుపు మూయించి, తర్వాత గడప దాకా కడిగించేది. శ్మశానం నుంచి వచ్చిన మగవాళ్లు పెరట్లో తలమీద నీళ్లు పోసుకుంటే గాని ఇంట్లోకి రానిచ్చేది కాదు. అది గోరీ అని తెలిస్తే ఆగ్రా బండి ఎక్కదు. ఆమె ఎక్కకపోతే నాకూ ఆగ్రా లేదు. నేనేమో ప్రపంచ వింతల్లో ఒకదాన్ని చూడబోతున్నానని బడంతా టాంటాం వేసి ఉన్నాను.

"నోరు తెరిచినావంటే కాట్పాడిలోనే దింపేస్తా," అన్నాడు నాయన. నా నోటి సంగతి ఆయనకు బాగా తెలుసు.

బండి కాట్పాడికి ముందొచ్చే లత్తేరి చేరకముందే మేము పులిహోర మూట విప్పేశాము. మద్రాసులో బండి మారాక బెజవాడ ఆవిడ ఒకరు మా ఎదురుగా కూర్చుంది. ఆంధ్ర రాష్ట్రం విడిపోయిన కొత్తలు అవి.

"తెలుగువాళ్లయి ఉండి మద్రాసు రాష్ట్రంలో మిగిలిపోయారా, పాపం!" అని ఆవిడ జాలిపడింది.

"మేం యాడా మిగిలిపోలేదమ్మా. ఉండిన చోటే ఉండాము. విడిపోయింది మీరు," అంది అవ్వ.

ఆవిడ మాట మార్చి, ఎక్కడికి పోతున్నారని అడిగింది. ఆగ్రా పేరు వినగానే, "ఓ, తాజ్‌మహలా! పాపం, ఆ రాజుగారి భార్య కాన్పులో..." అని మొదలుపెట్టింది. మూత తీసి పక్కన పెట్టిన మరచెంబును కాలితో తన్నాను. నీళ్లన్నీ ఆవిడ చీర మీద పడ్డాయి. నాకు మొట్టికాయ పడింది గాని కథ అక్కడితో ఆగింది. ఆ మొట్టికాయ వేసినందుకు నాయన మీద నాకు ఇప్పటికీ కోపమే.

కాశీలో తాతకు చేయవలసినవన్నీ చేసి, ఆగ్రా చేరేసరికి చలి ఎముకలు కొరుకుతోంది. అవ్వ మాత్రం చిన్నపిల్ల అయిపోయింది.

"మన వేలూరు కోటకు అగడ్త ఉండాది, దీనికి లేదే! ఇంత తెల్లరాయి తుడిచేదానికి ఎంతమంది పనోళ్లు కావాలో!" అనుకుంటూ గుమ్మటం కిందికి వచ్చింది. అక్కడ పూలు చెక్కిన పాలరాతి దిమ్మెలు రెండు పక్కపక్కన ఉన్నాయి. అవ్వ ఒకదాన్ని ప్రేమగా నిమిరింది.

"చూడు పాపా, రాతి మంచాలు! ఎండాకాలం సల్లగా ఉంటాది. రాజు మంచం రవంత ఎత్తు." తర్వాత నాలుగు దిక్కులా చూసింది. "అంతా బాగుండాది గాని, వంటిల్లు యాడ?"

దారి పొడుగునా ఎన్నో అబద్ధాలు సిద్ధం చేసుకున్నాను. వంటింటికి మాత్రం నా దగ్గర అబద్ధం లేదు.

"వంటిల్లు లేదవ్వా. ఇది ఇల్లు కాదు. రాణి సచ్చిపోతే కట్టిన గోరీ."

నాయన చటుక్కున తలెత్తి గుమ్మటం వైపు చూడసాగాడు. అవ్వ చెయ్యి కాసేపు రాతి మీదే ఉండిపోయింది. తర్వాత బయటికి నడిచి, నేరుగా యమున ఒడ్డుకు దిగింది. ముగ్గురమూ తల మునిగేలా స్నానం చేశాము. పళ్లు టకటకలాడుతుంటే, తిట్లకోసం కాచుకుని నిలబడ్డాను. ఆమె తిట్టలేదు. అందుకే నాకు ఎక్కువ భయం వేసింది.

ఆమె కొంగు పిండుకుని, వచ్చిన దారినే మళ్లీ నడవసాగింది.

"అమ్మా, యాడికి? మళ్లీ మైల పడతావే!" అన్నాడు నాయన.

"పడితే ఇంకోసారి మునుగుతా. ఏరు యాడికి పోతాది?" అంది. రెండడుగులు వేసి ఆగింది. "మీ నాయన్ను ఎత్తుకుపోయిన పొద్దు, ఆడోళ్లు రాకూడదని నన్ను వీధి మలుపు కాడ నిలిపేసినారు. ఆమీట మీరు ఏం చేసినారో, యాడ పెట్టినారో నేను చూడనేలేదు. ఈడ నన్ను ఎవురూ నిలపలేదు గదా. రవంతసేపు కూర్చోని వస్తా."

నాయన పొడి చీర పట్టుకుని అక్కడే నిలబడిపోయాడు. నేను ఆమె వెంట పరుగెత్తాను. అవ్వ ఆ రాతి పక్కన చతికిలబడి, దాని మీద చెయ్యి వేసి, గొంతెత్తి ఏడ్చింది. తాత పోయినప్పుడు కూడా ఆమె అలా ఏడవడం నేను చూడలేదు. నాకూ ఏడుపొచ్చింది. కావలివాడు కంగారుగా వచ్చి హిందీలో ఏదో అడిగాడు.

అవ్వ రాతిని తట్టి చూపించి, తెలుగులోనే చెప్పింది.

"మా ఇంటాయన."